ఏడో గడి

మొదటి కంప్యూటరు మీట నొక్కి అటెండరు రెండోదాని దగ్గరికి వెళ్లాడు. ఆఫీసు తెరవడానికి ఇంకా గంటుంది. లినక్సు అనే ఉచిత సాఫ్ట్‌వేరు మీద ఎలాగో ఈడ్చుకొస్తున్న పాత కంప్యూటర్లు ఏడు. వయసులో ఆయనకేమీ తీసిపోవు. ఏ ప్రోగ్రాం తెరిచినా డిస్కు గరగరలాడి, నలభై సెకన్లకు గానీ తెర నిండదు. మూసి మళ్లీ తెరిస్తే మాత్రం రెప్పపాటు. ఒకసారి చదివింది మెమరీలో నిలిచి ఉంటుంది, దాన్నే కాష్ అంటారు. సాయంత్రం కంప్యూటరు ఆపగానే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకే రోజూ ముందుగా వచ్చి, ఎవరేం వాడతారో అవన్నీ ఒకసారి తెరిచి మూస్తాడు. ఒక్కో కంప్యూటరు అవగానే కాగితం మీద దాని గడిలో పెన్సిలుతో టిక్కు పెడతాడు. ఈ పని ఎవరూ చెయ్యమనలేదు, చేస్తున్నాడని ఎవరికీ తెలియదు. నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి పడేస్తే కంప్యూటరే చేసుకుపోతుందని ఆయనకు తెలియక కాదు. అప్పుడిక పొద్దున్నే ఇంట్లో ఒక్కడూ కూర్చుని ఏం చెయ్యాలి?

ఆ ఇంట్లో ఒకప్పుడు స్నానానికి నీళ్లు ఎప్పుడూ వేడిగానే ఉండేవి. మా హీటరు మంచిదని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు. భార్య పోయాక ఒకరోజు బకెట్లో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ముప్ఫై ఏళ్లు ఆవిడ తనకంటే అరగంట ముందు లేచి హీటరు వేసిందని అప్పుడు తెలిసింది. ఒక్కసారైనా అడగలేదే అని ఇప్పటికీ అనుకుంటాడు.

ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. తన సంగతీ అలా తెలియకుండానే పోకూడదనుకున్నాడు. ఏడో కంప్యూటరు ముందు, ధ్రువపత్రాల కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయికి ఇవాళ చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. పొద్దుటి శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. అందరూ భోజనాలకు లేవగానే ఏడింటినీ మళ్లీ తెరిచి మూశాడు. తన డబ్బా మూత తీసేసరికి వాళ్లు తిరిగొచ్చేశారు.

సాయంత్రం ఆ అమ్మాయి సంచి సర్దుకుంటుంటే దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాడు. ఆమే ముందు అందుకుంది.

"మా ఇంట్లోది కొత్తదే బాబాయ్, అయినా తెరుచుకోవడానికి ప్రాణం తీస్తుంది. దీన్ని మాత్రం ఇలా ముట్టుకుంటే చాలు. నా హస్తవాసి అలాంటిది."

హీటరును మెచ్చుకున్న తన గొంతే ఆయనకు వినిపించింది. వెలిగిపోతున్న ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

"అవునమ్మా," అన్నాడు. "నీ హస్తవాసి మంచిది."

మర్నాడు అందరి కంప్యూటర్లూ చకచకా తెరుచుకున్నాయి. ఆ అమ్మాయిది ఆపేసే ఉంది. తనే మీట నొక్కి ధ్రువపత్రాల జాబితా తెరవబోతే డిస్కు గరగరలాడుతూ కూర్చుంది.

"నాదానికేమైంది బాబాయ్?" అంటూ వెనక్కి తిరిగింది.

ఆయన మూలన స్టూలు మీద గోడకానుకుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడని అందరూ అనుకున్నారు. లేపుదామని వెళ్లి చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది.

ఆయన ఒళ్లో గళ్ల కాగితం ఉంది. పైన 'తెరిచి మూసినవి' అని రాసి, పక్కన వాళ్లేడుగురూ వాడేవన్నీ వేరువేరుగా రాసి ఉన్నాయి. నిన్నటి వరుసలో గడికి రెండేసి టిక్కులు. ఇవాళ్టి వరుసలో ఆరు టిక్కులు, 'కిటికీ అమ్మాయి' అన్న చోట ఒక ఖాళీ గడి.