దడ అణిగిన పూట

భద్రమ్మను చంపింది ఆమె తమ్ముడు సారంగపాణి. పోలీసులు రాలేదు, పంచాయితీ జరగలేదు. అంతమాత్రాన అది చంపడం కాకుండా పోదు.

సమ్మయ్య మణుగూరు బొగ్గుబాయిలో పని చేసేవాడు. పెండ్లాం భద్రమ్మకు గుండెదడ. బియ్యం చెరుగుతూ చెరుగుతూ చాట కింద పెట్టి రొమ్ము పట్టుకునేది. రవికె మీద నుంచే గుండె ఎగరడం కనపడేది. కాసేపటికి దానంతటదే అణిగేది. టౌన్‌లో డాక్టరు దగ్గరికి రెండుసార్లు పోయారు. పోయేసరికి దడ ఉండదు, గుండె చూసే మిషనుకు ఏమీ చిక్కదు. దొంగను దొంగతనంలోనే పట్టాలి, దడ ఉన్నప్పుడే తీసుకురమ్మన్నాడు డాక్టరు.

సారంగపాణి బడిపంతులు. భద్రాచలంలో ఏదో ఆశ్రమంలో ప్రాణాయామం నేర్చుకొచ్చి కాలనీ వాళ్లకు నేర్పేవాడు. ఊపిరి నెమ్మదిస్తే నరాలు నెమ్మదిస్తాయి, నరాలు నెమ్మదిస్తే గుండె నెమ్మదిస్తుంది అనేవాడు. అందులో అబద్ధం లేదు. అక్కకూ నేర్పాడు. ప్రాణాయామంలో కూర్చున్న మనిషిని కదిలించొద్దని ఇరుగుపొరుగుకు గట్టిగా చెప్పిపెట్టాడు.

మూడోసారి పోయేటప్పుడు బస్సులోనే దడ మొదలైంది. దవాఖానా బెంచీ మీద కూర్చున్నా వదల్లేదు. పెండ్లాం గుండె అదురుతుంటే సమ్మయ్యకు లోపల సంతోషం. ఇవ్వాళ దొంగ దొరికినట్టే. చీటీ రాయించడానికి అతను కిటికీ దగ్గరికి పోయాడు. తోడొచ్చిన సారంగపాణి అక్క పక్కన చేరాడు. సమ్మయ్య తిరిగొచ్చేసరికి ఆమె కండ్లు మూసుకుని, వేలితో ఒక ముక్కు మూసి, రెండో ముక్కున నెమ్మదిగా గాలి వదులుతోంది.

"అణిగింది బావా," అన్నాడు సారంగపాణి, పందెంలో పుంజు గెలిచినట్టు. "నాడి పట్టి చూడు."

మిషనుకు మళ్లీ ఏమీ చిక్కలేదు. డాక్టరు నరాల బలహీనత అని గోళీలు రాసిచ్చాడు.

నెల తిరగలేదు. సమ్మయ్య షిఫ్టుకు పోయాడు. పక్కింటి జంపక్క తోడు పెరుగు కోసం వచ్చింది. భద్రమ్మ గోడకానుకుని, కండ్లు మూసుకుని, ముక్కు మీద వేలు పెట్టుకుని ఉంది. ప్రాణాయామం చేస్తోంది కదా, కదిలించొద్దన్నారు కదా అని జంపక్క గిన్నె చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి చూస్తే చేయి ఒడిలోకి జారి ఉంది. ఒళ్లు చల్లబడింది.

ఏడాది తిరిగాక సారంగపాణి వచ్చాడు. పినపాకలో శిబిరం పెడుతున్నాడట. దవాఖానాలో అక్క దడ ఎట్లా అణిగిందో బావ నోటితో చెప్పిస్తే జనం నమ్ముతారట. తర్వాత సంగతి చెప్పే పని లేదట.

సమ్మయ్య బీడీ నలిపేశాడు.

"ఆ దినం నీ ఊపిరి ఇద్దె పని చెయ్యకుంటే దొంగ దొరుకుతుండె, పాణీ."

"మంచికే చేసిన బావా. నాకు అక్క గాదా?"

"మంచికే చేసినవ్. కాబట్టే నిన్ను కొట్టలే." సమ్మయ్య లేచి తలుపు రెక్క పట్టుకున్నాడు. "మీ అక్క ముచ్చట ఇయ్యాల్టితోటి బంద్. నా గడపల నువ్వు ఎత్తద్దు. నేను యాడా ఎత్తను."