కాఫీ గదిలో చివరి ముక్క

మార్చి రెండో మంగళవారం మధ్యాహ్నం, మూడో అంతస్తు కాఫీ గదిలో పళ్లెంలో మిగిలిన చివరి రొట్టెముక్క మాయమైంది.

చూసినవాళ్లు లేరు. హెల్కా ముహొనెన్ లైబ్రరీకి వెళ్లేటప్పుడు ముక్క ఉంది. గంట తర్వాత తిరిగొచ్చేసరికి పళ్లెంలో నాలుగు పంచదార పలుకులు తప్ప ఏమీ లేవు. ఆమె పళ్లెం ఎత్తి చూసింది. బల్ల కింద చూసింది. కుర్చీలో కూలబడి, ఎవరూ లేని గదిలో, "ఎవరో గానీ, వాళ్ల కడుపు చల్లగా ఉండ!" అంది.

ఆమె సంబరానికి కారణం ఉంది. హెల్కా ఫిన్లాండ్ విశ్వవిద్యాలయం ఒకదానిలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. వేర్వేరు దేశాలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ పొరబడతారో, ఎందుకు పొరబడతారో చదివే శాఖ ఆమెది. ఆమె సిద్ధాంత వ్యాసం చివరి రొట్టెముక్క గురించి. ఫిన్లాండ్‌లో ఏ ఆఫీసు కాఫీ బల్ల మీదైనా చివరి ముక్కను ఎవరూ తీసుకోరు. తినాలనిపిస్తే సగం కోసుకుంటారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ సగంలో సగం కోసుకుంటారు. సాయంత్రానికి గోరంత మిగులుతుంది. దాన్ని ఎవరూ ముట్టరు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. కొత్తగా వచ్చిన విదేశీయుడు ఆ ముక్క తీసి నోట్లో వేసుకుంటాడు, గదిలో మాట ఆగిపోతుంది, ఎందుకో అతనికి ఎప్పటికీ తెలియదు.

శరదృతువు మొదలైన దగ్గర్నుంచి ప్రతి మంగళవారం హెల్కా యాలకుల రొట్టె తెచ్చి కాఫీ గదిలో పెడుతోంది, ఎదుటి గదిలో కూర్చుని గాజు తలుపులోంచి చూస్తోంది. పదముగ్గురిని అడిగి సమాచారం రాసుకుంది. పదముగ్గురూ నియమం పాటించేవాళ్లే. చిక్కు అక్కడే వచ్చింది.

"నియమం తప్పినవాడు ఎక్కడ?" అని అడిగేవాడు ఆమె మార్గదర్శకుడు, ప్రొఫెసర్ రైమో సిప్పోనెన్. కలిసిన ప్రతిసారీ అదే ప్రశ్న. "అందరూ వదిలేశారని రాశావు. బాగుంది. ఒక్కడైనా తినాలి, తిని ఏమనిపించిందో చెప్పాలి. లేకపోతే అది నియమమని నాకెలా తెలుస్తుంది? రొట్టె బాగాలేదేమో."

"రొట్టె మా అమ్మ చేసింది."

"మీ అమ్మగారిని నేనేమీ అనలేదు. తప్పినవాణ్ని తీసుకురా."

తీసుకురాకపోతే వ్యాసం ముందుకు పోదు. మే నెలలో పట్టా రాకపోతే ఔలు నగరంలో ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం వేరొకరికి పోతుంది. కొత్తగా దేశంలోకి వచ్చినవాళ్లకు ఇక్కడి పనిచోట్ల సంగతులు నేర్పే ఉద్యోగం అది. హెల్కా ఈ చదువులో చేరింది దానికోసమే.

ముందుగా ఆమె దావిని పట్టుకుంది. దావి బ్రెజిల్‌లోని రెసీఫె నుంచి వచ్చిన సహవిద్యార్థి, ఇక్కడ రెండో చలికాలం గడుపుతున్నాడు.

"నువ్వు తినేసెయ్, దావీ. మీ ఇంట్లో చివరి ముక్క ఎవరు తింటారు?"

"ముందు చెయ్యి పడ్డవాళ్లు. మా అక్క చేతి మీద ఇప్పటికీ నా పంటి గాటు ఉంది."

"మరింకేం. వెళ్లు."

"పరిశోధకులు తమ వేలు పెట్టకూడదన్నావుగా మొన్న?"

"నా వేలు కాదుగా, నీది."

దావి వెళ్లాడు. చెయ్యి చాచాడు. వెనక్కి తీసుకున్నాడు. కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. తర్వాత చాకు తీసి ముక్కను సగం కోసి, ఆ సగం తిని వచ్చాడు.

"సగం కోశావేంటయ్యా!"

"చెయ్యి వెళ్లట్లేదు తల్లీ. మీరంతా కలిసి నన్ను పాడుచేశారు. మొన్న లిఫ్టులో పక్కింటాయన ఉన్నాడని, పలకరించాల్సొస్తుందని ఐదంతస్తులు మెట్లెక్కాను. మా అమ్మకు ఫోన్లో చెబితే ఏడ్చింది."

తర్వాత హెల్కా ఆశ హన్నెకె మీద పడింది. హన్నెకె నెదర్లాండ్స్ నుంచి ఏడాదికని వచ్చిన అధ్యాపకురాలు. మనసులో మాట మొహం మీదే అనేస్తుందని పేరు. రెండు వారాలు చూసినా ఆమె చెయ్యి ముక్క వైపు పోలేదు. ఉండబట్టలేక హెల్కా ఆమెనే అడిగింది.

"అయ్యో, నేనెందుకు తింటాను?" అంది హన్నెకె. "కొత్తవాళ్లకు ఇచ్చే కరపత్రంలో చివరి ముక్క ముట్టుకోవద్దని స్పష్టంగా ఉందిగా. ఎవరు రాశారో గానీ చక్కగా రాశారు."

అది రాసింది హెల్కాయే, కిందటి వేసవి సెలవుల్లో. ఆమె థాంక్స్ చెప్పి వచ్చేసింది. ఒకసారి తానే తినబోయింది కూడా. ఆమె వల్లా కాలేదు.

అలాంటిది ఆ మంగళవారం ముక్క పోయింది. హెల్కా వెంటనే కాఫీ గది తలుపు మీద కాగితం అంటించింది: "చివరి ముక్క తిన్నవారు దయచేసి హెల్కాను కలవండి. కోపం లేదు. వ్యాసం కోసం. పేరు బయటపెట్టను."

ఆ సాయంత్రం ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టలేదు. కాఫీ మరిగి మరిగి అడుగంటింది.

మర్నాడు పొద్దున బల్ల మీద మూడు కొత్త రొట్టెలున్నాయి, మూడు వేర్వేరు దుకాణాల సంచుల్లో. చీటీ లేదు, పేరు లేదు. హెల్కా వాటి ముందు నిలబడి ఉండగా శాఖ కార్యదర్శి కైసు వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఒకటి నాది," అంది గొంతు తగ్గించి.

"నువ్వు తిన్నావా?"

"సగమే కోశాను. నా తర్వాత మిగిలింది మరీ చిన్నదై, చెత్త అనుకుని ఎవరో పారేసి ఉంటారు. తప్పు నాదే."

"నీ తర్వాత కూడా నేను చూశాను కైసూ. ముక్క నిక్షేపంలా ఉంది."

"అయినా సరే," అని కైసు వెళ్లిపోయింది.

రెండో రొట్టె దావిది. "నువ్వెందుకు తెచ్చావయ్యా?" అంటే, "ఏమో. ఆ కాగితం చదవగానే నేనే తిన్నాననిపించింది," అన్నాడు. మూడోది హన్నెకెది. ముక్క పోయిన రోజు ఆమె ఊళ్లోనే లేదు.

గురువారం హెల్కా మార్గదర్శకుడి గదికి వెళ్లింది. రైమో అధ్యాయాల వరుస గురించి మాట్లాడాడు. పుస్తకాల పట్టిక గురించి మాట్లాడాడు. పట్టికలో కామాలు ఎక్కడెక్కడ పెట్టాలో అరగంట మాట్లాడాడు. ఏడాదిలో ఆయన అంతసేపు మాట్లాడటం ఆమె ఎరగదు. కాగితాలు సర్దుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది.

"రైమో, ఇవాళ మీరొకటి అడగలేదు."

"ఏది?"

"ఎప్పుడూ అడిగేది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. గడ్డకట్టిన సరస్సు మీద ఒకతను మంచుకు చిల్లు వేసి, గాలం వదిలి కూర్చున్నాడు. హెల్కా వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంది, నోరు మెదపలేదు. బయట అతను గాలం పైకి తీసుకుని, ఇంకొంచెం దూరం నడిచి, మరో చిల్లు వేశాడు.

"పేరు రాయవుగా?" అన్నాడు రైమో.

"రాయను. పద్నాలుగో వ్యక్తి అంటాను."

"వృత్తి?"

"అనుభవమున్న అధ్యాపకుడు."

"అనుభవం వద్దు. ఈ అంతస్తులో అది ఉన్నది నాకొక్కడికే."

"పోనీ ఏం రాయమంటారు?"

"ఆకలిగా ఉన్నవాడు అని రాయి."

హెల్కా రాసుకుంది. ఎందుకు తిన్నారని అడిగింది.

"నీ వ్యాసం కోసమే."

"మరి అదే రోజు చెప్పొచ్చుగా? తలుపు మీద కాగితం కూడా అంటించాను."

రైమో కళ్లజోడు తీసి తుడిచాడు. "తినేటప్పుడు ఆకలికే తిన్నాను. మింగాక, నీ వ్యాసం కోసమైతే బాగుండేదనిపించింది."

"ఎవరైనా చూశారా?"

"లేదు. అయినా నోట్లో ముక్క పెట్టుకుని తలుపు వెనక నక్కాను, నమలకుండా. నియమం తప్పినవాడికి చుట్టూ ఉన్నవాళ్ల వల్లే సిగ్గు పుడుతుందని ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. రాసుకో. గదిలో ఎవరూ లేరు."

ఆమె రాసుకుంటుండగా ఆయనే మళ్లీ అన్నాడు. "ఇంకో చిక్కు ఉంది. సమాచారమిచ్చినవాడు అదే వ్యాసానికి మార్కులు వేయకూడదు. ఆ నిబంధన రాసింది నేనే. తప్పుకోవాలంటే శాఖ సమావేశంలో కారణం చెప్పాలి."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నీకు పద్నాలుగో వ్యక్తి లేడు."

"సోమవారం సమావేశం," అని ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. అది ఒప్పుకోవడమో కాదో హెల్కాకు అర్థం కాలేదు.

"బెదిరించు," అన్నాడు దావి, సంగతంతా విని.

"ఎవర్ని, రైమోనా?"

"మరేం చేస్తావు?"

"ఊరుకుంటాను."

"అంతేనా?"

"ఇక్కడ దానికంటే పెద్ద బెదిరింపు లేదు."

సోమవారం హెల్కా విద్యార్థుల ప్రతినిధిగా సమావేశంలో కూర్చుంది. అమ్మ చేసిన రొట్టె బల్ల మధ్యలో పెట్టింది. కాఫీ తిరిగింది, ముక్కలు తగ్గాయి. చర్చ ఈ ఏడాది వ్యాసాలకు పరీక్షకులను నియమించే దగ్గరికి వచ్చింది. కైసు పేర్లు చదువుతూ హెల్కా పేరు దగ్గరికి రాగానే రైమో గొంతు సవరించుకున్నాడు.

"ముహొనెన్ వ్యాసం నేను పరీక్షించలేను."

"కారణం ఏమని రాయను?" అంది కైసు, తలెత్తకుండా.

హెల్కా చేతిలో కప్పు ఉంది. తాగలేదు, కింద పెట్టలేదు.

"అందులో పద్నాలుగో వ్యక్తిని నేను," అన్నాడు రైమో.

తలుపు మీది కాగితం అందరూ చదివారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరూ కప్పుల్లోకి చూశారు.

"అయితే," అంది కైసు చివరికి, "నేను తెచ్చిన రొట్టె తిరిగి ఇంటికి పట్టుకెళ్లొచ్చా?"

"నాది కూడా," అంది హన్నెకె.

"రెండూ ఎప్పుడో అయిపోయాయి," అంది హెల్కా.

రైమో స్థానంలో, ఆ పద్నాలుగు మందిలో లేని హన్నెకెను నియమించారు. పళ్లెంలో అప్పటికి ఒక ముక్క మిగిలింది. ఎవరో దాన్ని మెల్లగా రైమో ముందుకు జరిపారు. ఆయన చాకు అడిగి తీసుకుని, ముక్కను సగం కోసి, ఒక సగం తిన్నాడు.

హెల్కా వ్యాసం మే నెలలో ఆమోదం పొందింది. జూన్‌లో ఆమె ఔలులో ఉద్యోగంలో చేరింది. వ్యాసం చివర సమాచారమిచ్చినవాళ్ల పట్టిక ఉంది. పద్నాలుగో వ్యక్తికి ఎదురుగా, వృత్తి అన్న చోట, "ఆకలిగా ఉన్నవాడు" అని ఉంది.