నలభై ఒకటో వరుస

కోటును ముందు దులపాలి, తర్వాతే నీళ్ళలో వేయాలి. దులపకుండా నానబెడితే ఆ బూడిదరంగు మసి నీళ్ళలో కలిసి మళ్ళీ గుడ్డకే పట్టుకుంటుంది. ఈ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన రెండో వారంలో తనే కనిపెట్టింది. కనిపెట్టినందుకు ఎంత సంబరపడిందంటే, సాయంత్రం భర్త గుమ్మంలోకి రాగానే చెయ్యి పట్టుకుని వెనక వరండాలోకి లాక్కెళ్ళి, తీగ మీద తెల్లగా ఊగుతున్న కోటు చూపించింది. "చూడండి, కొత్తదానిలా లేదూ?" అంది. అతను నవ్వి, ఆమె ముక్కు చివర అంటిన మసిని వేలితో తుడిచి, "నా కోటుకి నీకంటే మంచి డాక్టరు దొరకదు బుజ్జీ" అన్నాడు. ఆ మాటను ఆమె నాలుగు రోజులు నెమరేసుకుంది.

అలాంటివాటికే పొంగిపోయే మనిషి. తాళంచెవి తలుపులో తిరిగే చప్పుడుకు పొంగిపోయేది. రెండు టీకప్పులు ఒకేలా ఉన్నందుకు మురిసిపోయేది. పొద్దున్నే పసుపురంగు కర్టెన్ గుండా ఎండ పడి గదంతా నారింజతొన అయిపోతే, నిద్రపోతున్న మొగుణ్ణి లేపి మరీ చూపించేది. అతను ఒక కన్ను తెరిచి, "బాగుంది, కానీ అది రేపు కూడా వస్తుంది" అని మళ్ళీ పడుకునేవాడు. అందుకూ నవ్వొచ్చేది.

అతను డాక్టరే గానీ రోగుల్ని చూడడు. గాలీ, నీరూ, దుమ్మూ మనుషుల ఒంట్లో ఏం చేస్తాయో లెక్కలు తీసే పరిశోధకుడు. ఊరి చివర, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఫ్యాక్టరీకి వారానికి మూడుసార్లు వెళ్ళేవాడు. జాగ్రత్త గల మనిషి. లోపల ఉన్నంతసేపూ మాస్కు తీయడు, గ్లవ్స్ తీయడు. అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని, కోటును ప్లాస్టిక్ సంచిలో కుక్కి రెండు ముళ్ళు వేసి తెస్తాడు. గుమ్మంలో ఆ సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని ఆమెకు అందిస్తూ, "ఇంట్లో విప్పకు, వెనక విప్పు" అంటాడు. ఎంత శుభ్రమైన మనిషో అని ఆమె మురిసిపోయేది.

ఆ కోటును మెషిన్‌లో వేయనివ్వనిది అత్తగారు. "అమ్మాయ్, ఆ మసంతా మిగతా బట్టలకి అంటుకుంటుంది. విడిగా చేత్తో ఉతుకు. ఒక్క కోటే కదా, చేతులు అరిగిపోతాయా?" అంది మొదటి రోజే. ఒక్క కోటే కదా అని ఆమె కూడా అనుకుంది.

పరిశోధన పద్ధతి చాలా సులువు. ఫ్యాక్టరీలో పనిచేసే నలభై మంది మగవాళ్ళ రక్తం తీసి సీసం ఎంతుందో చూడాలి. పక్కన పెట్టి పోల్చడానికి, ఆ సీసం తగలనివాళ్ళు ఇంకో నలభై మంది కావాలి. ఎవరిని తీసుకోవాలా అని వారం రోజులు ఆలోచించి, ఒకరోజు పొద్దున్న అతను తన పైనున్న పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాడు. "వాళ్ళ భార్యల్నే తీసుకుందాం సార్. అదే ఇల్లు, అదే తిండి, అదే నీళ్ళు. తేడా ఒక్కటే. మగవాళ్ళు ఫ్యాక్టరీకి వెళ్తారు, ఆడవాళ్ళు ఇంట్లో ఊరికే ఉంటారు. ఇంతకంటే మంచి పోలిక దొరకదు." పొయ్యి తుడుస్తూ విన్న ఆమెకు, తన మొగుడి బుర్రే బుర్ర అనిపించింది. మగవాళ్ళకు ప-1 నుంచి ప-40. ప అంటే పని. ఆడవాళ్ళకు ఇ-1 నుంచి ఇ-40. ఇ అంటే ఇల్లు.

రక్తం తీసే రోజున తోడు రమ్మంటే ఎగురుకుంటూ వెళ్ళింది. కార్మికుల కాలనీలో ఒక హాలు, వరసగా కుర్చీలు, మూలన నర్సు. ఆడవాళ్ళంతా సూదికి భయపడి బిగుసుకుపోయి ఉంటే, వాళ్ళలో ఒకావిడ మాత్రం హాలంతా నవ్విస్తోంది. "నా రక్తంలో ఏముంటుందమ్మా, మా అత్త తాగగా మిగిలింది కాస్త ఉంటే తీసుకోండి" అంది చెయ్యి చాపి. ఆమె ఆవిడకు మనసులోనే నవ్వులక్క అని పేరు పెట్టేసింది. మాటల్లో బట్టల సంగతి వచ్చింది. "మా ఆయన చొక్కా విదిలిస్తే వీధికుక్క కూడా తుమ్ముతుంది" అని నవ్వులక్క అంటే, అందరూ తమ తమ చొక్కాల కథలు విప్పారు. ఆమెకు ఉత్సాహం ఆగలేదు. ముందు దులిపి తర్వాత నానబెట్టే తన కిటుకును అభినయించి మరీ చూపించింది. "డాక్టరుగారి భార్య చెప్పింది వినండే" అన్నారెవరో. ఆమె చెవుల దాకా ఎర్రబడింది.

ఆ రోజు ఒకావిడ రాలేదు. ముప్పై తొమ్మిదే అయ్యాయి. అతను చుట్టూ చూసి, "నువ్వూ ఫ్యాక్టరీకి వెళ్ళవుగా, రా" అని ఆమెను కూర్చోబెట్టి తనే రక్తం తీశాడు. చీమ కుట్టినట్టు కూడా లేదు. ఫారం నింపుతూ వృత్తి అన్నచోట, ఆమెను అడగకుండానే 'ఏమీ లేదు' అని రాశాడు.

"ఏమీ లేదా? పొద్దున్న ఐదింటి నుంచి నేను చేస్తున్నదేంటండీ మరి?" అంది నవ్వుతూ.

"అది వృత్తి కాదే పిచ్చిదానా. మన ఇల్లు."

మన అన్న మాట తియ్యగా తగిలి, మిగతాది వినబడలేదు.

ఆ తర్వాత ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని వచ్చింది. ఆమె గణాంకాలు చదువుకున్న పిల్ల, కాలేజీలో బహుమతి కూడా తెచ్చుకుంది. "బయటివాళ్ళకిస్తే ఆలస్యం. నువ్వయితే మన మనిషివి. వ్యాసం చివర 'నా భార్యకు కృతజ్ఞతలు' అని వేస్తాను" అన్నాడు. వంటకీ వంటకీ మధ్య, గిన్నెల తడి చేతులు తుడుచుకుని ఆమె ఎనభై వరుసలూ ఎక్కించింది. ల్యాబు రిపోర్టులు అతని దగ్గరే ఉన్నాయి. సీసం గడి ఒక్కటి తర్వాత తనే నింపుకుంటానన్నాడు.

ఆ రోజుల్లోనే ఆమెకు పన్నెండు రోజులు దాటిపోయింది. ఎవరికీ చెప్పలేదు. "విశేషం ఏమైనా ఉందా అమ్మాయ్?" అని నెలనెలా ఆరా తీసే అత్తగారికి కూడా. మొదట అతనికే చెప్పాలి, అదీ మామూలుగా కాదు. పట్టిక అడుగున, తన వరుస ఇ-40 కింద, ఆమె గుట్టుగా ఇంకో వరుస చేర్చింది. ఇ-41. వయసు: ఇంకా మొదలవలేదు. బరువు: నువ్వుగింజంత. వృత్తి: తన్నడం, త్వరలో. పట్టిక పూర్తయిన రోజున అతను కిందికి జరుపుకుంటూ వస్తే హఠాత్తుగా అది కనబడుతుంది. ఆ ముఖం తలుచుకుని ఒక్కతే కిలకిలా నవ్వుకుంది.

ఒక సోమవారం పొద్దున్న అతను షూ లేసు కట్టుకుంటూ, "సీసం అంకెలు ఎక్కించాను బుజ్జీ. ఇ వాళ్ళలో పధ్నాలుగు వరుసలకి ఎర్రరంగు వేశాను, అవి తీసేసి మళ్ళీ సగటు కట్టు" అని వెళ్ళిపోయాడు. పాపం, అడుగుదాకా జరుపుకుంటూ వచ్చినట్టు లేదు.

ఆమె టీ కప్పుతో కూర్చుని తెరిచింది. మగవాళ్ళందరి అంకెలూ ఎక్కువే, అది అనుకున్నదే. ఆడవాళ్ళలో ఎర్రగా ఉన్నవి ఇ-3, ఇ-8, ఇ-11... ఇ-27 దగ్గర ఆగింది. అది నవ్వులక్క. అంకె ఇరవై రెండు. ఐదు దాటితే ఆలోచించాల్సిందేనని రక్తం తీసిన రోజు నింపిన ఫారం కిందే అచ్చు వేసి ఉంది. చిట్టచివరి ఎర్ర వరుస ఇ-40. వయసు ఇరవై ఐదు. వృత్తి: ఏమీ లేదు. సీసం: పదకొండు.

టీ చల్లారింది. పక్క గడిలో అతను ఎక్కించిన రిపోర్టు తేదీ చూసింది. మూడు వారాల కిందటిది. ఈ మూడు వారాల్లో గుమ్మంలో తను అందుకున్న సంచులు తొమ్మిది.

పొరపాటేమో అనుకుంది. పెళ్ళయిన ఏడు నెలలకే అంతకంటే వేరేగా అనుకోవడం కష్టం. నవ్వులక్కకు ఫోన్ చేసింది. ఇంటి పక్క బ్యాటరీ షాపేమైనా ఉందా, గోడలకు పాత రంగులేమైనా ఉన్నాయా అని అడిగి, చివరికి ఫారంలో లేని ప్రశ్న అడిగింది.

"అక్కా, మీ ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారు?"

అవతల పెద్ద నవ్వు. "ఇంకెవరమ్మా, మంత్రిగారొచ్చి ఉతుకుతారా?"

ఆ వారం మూడు రోజుల్లో ముప్పై తొమ్మిది ఫోన్లు చేసింది. కూరలు తరుగుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని. ఎరుపులో ఉన్నవాళ్ళందరూ చేత్తోనే ఉతుకుతారు, ముందు దులుపుతారు. ఎరుపులో లేనివాళ్ళలో కొందరి ఇళ్ళలో అత్తో ఆడపడుచో ఉతుకుతుంది, కొందరు లాండ్రీకి వేస్తారు. నలుగురు మాత్రం తామే ఉతుకుతారు, అయినా అంకె తక్కువే. ఎందుకా అని గుచ్చి గుచ్చి అడిగితే తేలింది. రక్తం ఇచ్చేనాటికి వాళ్ళు దులిపేవాళ్ళు కాదు, తెచ్చింది తెచ్చినట్టు బకెట్లో ముంచేసేవాళ్ళట.

"ఇదివరకు అలాగే చేసేదాన్నమ్మా" అంది ఆ నలుగురిలో ఒకావిడ. "ఆ రోజు మీరు చెప్పాక దులిపే ఉతుకుతున్నా. బట్టలు మెరుస్తున్నాయనుకోండి! మా పక్కింటమ్మాయికి కూడా చెప్పా."

ఆమె చాకు పక్కన పెట్టేసి ఫోన్ చేతిలోకి తీసుకుంది. "దులపకండి" అంది. "ఇవాళ్టి నుంచి దులపకండి అక్కా. పక్కింటమ్మాయికి కూడా చెప్పండి. నేను చెప్పింది తప్పు."

ఫోన్ పెట్టేసేసరికి వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలీదు. తిడుతుందనుకుంటే తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని బీన్సు గిన్నె ముందుకు లాక్కుంది. "మీ మామయ్య అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చేవారు. చొక్కా విప్పితే నల్లటి పొడి రాలేది" అంది పీచు తీస్తూ. "వీడికంటే ముందు నాకు ఇద్దరు నిలవలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఎవరికి తెలుసులే. నీ ఒంట్లో వేడి అన్నారు, నీ నడక మంచిది కాదన్నారు. బట్టలు ఎవరు ఉతుకుతారని మాత్రం నన్నెవరూ అడగలేదు." ఇంకో కాయ అందుకుంటూ, "ఆ కోటు నిన్ను ఉతకమన్నది నేనే కదూ" అంది. జవాబు కోసం చూడకుండా గిన్నె తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను బల్ల దగ్గర కూర్చోగానే ఆమె కాగితం ముందు పెట్టింది.

"ఇది ఎవరు అడగమన్నారు నిన్ను?"

"ఎవరూ అడగమనలేదు. అందుకే అడిగాను."

"ఫారంలో లేని ప్రశ్నలు అడిగితే పరిశోధన పాడవుతుంది బుజ్జీ. చదువుకున్నదానివి, నీకు తెలీదా? పోల్చడానికి శుభ్రమైన గుంపు కావాలి. ఈ పధ్నాలుగూ ఉంటే తేడా తగ్గిపోతుంది. తేడా లేకపోతే వ్యాసం లేదు. వ్యాసం లేకపోతే ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి మాస్కులు కూడా రావు. వాళ్ళ గురించి ఆలోచించు."

"మరి ఆడవాళ్ళ గురించి?"

"అది వేరే వ్యాసం. తర్వాత చూద్దాం."

"నలభయ్యో ఆవిడ గురించి కూడా తర్వాతేనా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పదకొండుకి కంగారు పడాల్సిందేం లేదు. ఇనుము మాత్రలు మొదలుపెడదామనుకుంటున్నా. నువ్వు బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"రిపోర్టు వచ్చిన రోజే."

"మరి సంచి?"

అతను తలెత్తాడు. నిజంగానే అర్థం కాలేదు అతనికి. ఆ ముఖంలో దాపరికం లేదు, తప్పు చేసిన బెదురు లేదు. ఎనభై మంది రక్తం చదివిన మనిషి, ఏడు నెలలు తన చేత్తో తను అందించినదేమిటో తెలియక అమాయకంగా అడిగాడు.

"ఏ సంచి?"

మోసమైతే ఆమె ఏడ్చేది, అరిచేది, ఏదో ఒకటి చేసేది. ఇది మోసం కూడా కాదు. ఆ వేలు తన ముక్కు మీది మసిని ఎంత ముద్దుగా తుడిచింది! తుడిచి, ఆ వేలిని చొక్కాకు రాసుకోకుండా తిన్నగా పంపు కిందికే తీసుకెళ్ళింది. అదీ గుర్తుంది ఆమెకు. అప్పుడు చూసింది, ఇప్పుడు కనబడింది. ఇంకా చెప్పాల్సిన మాట ఒకటుందని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ మాటకూ ఇతను ఎర్రరంగే వేస్తాడు.

మర్నాడు పొద్దున్న అతను వెళ్ళాక పట్టిక తెరిచింది. పధ్నాలుగు వరుసల ఎరుపూ చెరిపి మామూలు రంగులోకి తెచ్చింది. పక్కన కొత్త గడి చేర్చింది: ఫ్యాక్టరీ బట్టలు ఎవరు ఉతుకుతారు, ఎలా. నలభై జవాబులూ నింపింది. తర్వాత అడుగుకు వచ్చింది. వయసు ఇంకా మొదలవలేదు, బరువు నువ్వుగింజంత. ఒక్క క్షణం చదువుకుని తీసేసింది. అతను చెప్పిన పధ్నాలుగింటిలో ఒక్కటీ తీయలేదు. తీసింది ఆ ఒక్క వరుసే.

పట్టికను పెద్దసారుకు పంపింది. కింద తన పేరు రాసింది, భార్య అని రాయలేదు. ఆ తర్వాత పదమూడు ఫోన్లు. "రక్తం ఇచ్చేటప్పుడు ఫలితం మీకు చెబుతామని ఫారంలో రాశారు కదా అక్కా. చెబుతున్నా, రాసుకోండి." నవ్వులక్క మొదటిసారి నవ్వలేదు. "ఇంట్లో ఉంటేనే ఇంతొచ్చిందా అమ్మా?" అంది.

పధ్నాలుగో ఫోన్ ప్రసూతి ఆసుపత్రికి. రిసెప్షన్ అమ్మాయి గొంతు హడావిడిగా ఉంది. పేరు, వయసు, ఎన్నో నెల, ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా.

"మీరు ఏం చేస్తుంటారు మేడమ్? హౌస్‌వైఫ్ అని రాసుకోనా?"

వెనక వరండాలో నిన్నటి సంచి ముడి విప్పకుండానే ఉంది. ఆమె దాని వైపు చూస్తూ, ఒక్కో మాటా రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా చెప్పింది.

"వద్దు. సీసం ఫ్యాక్టరీ పని అని రాయండి. ఏడు నెలల నుంచి, మాస్కు లేకుండా."