షాబాదు బండల సందులు

జయరాజు కాజీపేట రైల్వే యార్డులో షంటింగ్ పని చేసేవాడు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, గూడ్సు బండ్లు ఊపిరాడనీయకుండా వచ్చిపడుతున్న ఓ పొద్దున, పెట్టెలు కలుపుతూ కాలు జారాడు. మోకాలి కింద కుడికాలు పోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి.

ఇంట్లో అతనికి నిలకడ లేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే మళ్లీ కూర్చుంటాడు. రైలు కూత వినపడితే అది ఏ బండో చెప్తాడు. మరుక్షణమే నాకెందుకని విసుక్కుంటాడు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర కొలువు ఇస్తారేమో అడిగి రమ్మని భార్య రత్నమ్మ అన్నప్పుడల్లా, "ఈ చంకకట్టెలు పట్టుకొని పోయి వాళ్ల ముంగట నిలబడాల్నా?" అని గోడవైపు తిరిగేవాడు.

మట్టి వాకిలి ఎత్తుపల్లాలుగా ఉండేది. చంకకర్రలతో బావి దాకా పోవడం కూడా కష్టమవుతోందని, పాత ఇల్లొకటి విప్పిన చోట మిగిలిన షాబాదు బండలు రత్నమ్మ తెప్పించింది. తాపీమేస్త్రి రాయమల్లు మొరం పోసి, దిమ్మిస కొట్టి వాటిని పరిచాడు. బండకూ బండకూ మధ్య సందులు మాత్రం ఇంకా నింపలేదు. ఆ సాయంత్రమే జయరాజు ఆగలేక బయటికి వచ్చాడు. కొద్ది దూరం పోయాడో లేదో కర్ర కొన సందులో దిగబడింది. మనిషి బోర్లా పడ్డాడు. రత్నమ్మ పరుగెత్తుకొచ్చి లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"రేపటికి ఈ సందులు నిండాలె," అన్నాడు. మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు కారుతోంది.

మర్నాడు రాయమల్లు వచ్చి చూశాడు. "ఉత్త ఇసుక పోస్తే ఇయ్యాలనే అయిపోతది. కానీ ఒక్క వానకు కొట్టుకపోతది, చీమలు తోడుకపోతయి. గానుగ సున్నంల ఇటుకపొడి కలిపి నింపుదాం. కాకపోతే కొన్ని పొద్దులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలె. అప్పటిదాక కర్ర మోపొద్దు."

"అన్నొద్దులు నాతోని కాదు," అన్నాడు జయరాజు.

రత్నమ్మ తమ్ముడు కృపానందం ఒక కంట్రాక్టర్ దగ్గర పని చూసేవాడు. సంగతి విని సైకిల్ మీద సగం బస్తా సిమెంటు వేసుకొచ్చాడు. సిమెంటుకు కంట్రోల్ ఉన్న రోజులవి. పర్మిట్ లేనిదే పిడికెడు దొరకదు.

"ఇది పోస్తే రేపటికే రాయైతది బావా!"

"మీ కంట్రాక్టర్‌కు ఎరికేనా?" అని అడిగింది రత్నమ్మ.

"ఎందుకక్కా ఫికర్ చేస్తవ్? అక్కడ బస్తాలు గుట్టగుట్టలున్నయి."

అది అడగకుండా తెచ్చిందేనని రత్నమ్మకు అర్థమైంది. వాకిలి ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. సైకిల్ గంట మోగితే చాలు, ఎవరో వెతుక్కుంటూ వచ్చారని తలుపు దాకా పోయింది. కాని మొగుడి ముఖం చూస్తే వద్దనలేకపోయింది. కాలు పోయిన తర్వాత అతను ఒకటి కావాలని అడగడం అదే మొదలు.

రాయమల్లు సిమెంటును కాసేపు చూసి, "అడుగున నల్లరేగడి ఉన్నది బిడ్డా," అన్నాడు. "వానకు ఉబ్బుతది, ఎండకు ఇగురుతది. బండలు కదలకుంట ఉండయి, సిమెంటు పలుగుతది."

చివరికి బావివైపు వరుస సిమెంటుతో, తలుపు వైపు వరుస సున్నంతో నింపి చూద్దామన్నాడు జయరాజు.

సిమెంటు మర్నాటికే గట్టిపడింది. పక్క మట్టి మీదుగా పోయి ఆ ఒక్క వరుస మీద అతను అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. చెమట కారుతున్నా ఆగలేదు. "చూసినవా రత్నా! గిట్ల ఉండాలె!" అన్నాడు. సున్నం వరుస గోనెపట్టాల కింద ఇంకా మెత్తగానే ఉంది.

ఇంతలో తొలకరి దంచికొట్టింది. వాన వెలిశాక చూస్తే సున్నం పైపొర కొట్టుకుపోయి బండల మీద తెల్లటి మరకలు మిగిలాయి. కృపానందం నవ్వాడు. తర్వాత ఎండ కాసింది. మళ్లీ వాన పడింది. భూమి ఉబ్బి, బండలు ఒకవైపు కొద్దిగా లేచాయి. సిమెంటు పెళ్లలు పెళ్లలుగా పలిగింది. ఒక పెళ్ల కర్ర కింద కదిలేసరికి జయరాజు తూలి బావి గిలక కట్టెను పట్టుకున్నాడు.

నేల మీద కూర్చుని రెండు వరుసలనూ ఇనుపచువ్వతో గీకి చూశాడు. సిమెంటు పెళ్ల ఊగే పన్నులా చేతిలోకి వచ్చింది. సున్నం పైన పోయినా లోపల బండ అంచును పట్టుకునే ఉంది.

"సున్నమే పోద్దాం," అన్నాడు.

"అన్నొద్దులు ఓపిక పడ్తవా?" అంది రత్నమ్మ.

"పట్టను. అందుకనే నేనే నింపుత. చేతుల పనుంటె ఆగుత."

మిగిలిన సిమెంటును ఎక్కడిదక్కడ పెట్టి రమ్మని రత్నమ్మ తమ్ముణ్ని గట్టిగా కోప్పడింది. అతను సణుగుతూనే సైకిల్‌కు కట్టుకొని పోయాడు.

వానలు కాస్త తెరిపిచ్చాక రాయమల్లు గానుగ నుంచి కొత్త సున్నం తెచ్చాడు. జయరాజు గోనెపట్టా మీద కూర్చుని, చేతులతో ఒళ్లు జరుపుకుంటూ సందు వెంట సందు శుభ్రం చేశాడు. రత్నమ్మ గిన్నెలో సున్నం అందించింది. సన్నని ఇనుపపట్టీతో దాన్ని అడుగు దాకా కూరి, అంచులు బండకు సమంగా తుడిచాడు. ఒకచోట తొందరపడి బండ అంచులు తడపకుండానే నింపాడు.

"ఎండిన బండ నీళ్లు గుంజుకుంటది. తీసి మళ్ల పెట్టు," అంది ఆమె.

"ఒక్క సందే కదనే!"

"తియ్యి."

తిట్టుకుంటూనే తీశాడు. వాళ్లిద్దరూ అంతసేపు ఒకే పని మీద మాట్లాడుకుని ఎన్నాళ్లో అయింది.

ఆరేదాకా ఉండడమే కష్టమైంది. కోళ్లను అదిలిస్తూ, గోనెపట్టాలు తడుపుతూ, వేలితో నొక్కి చూస్తూ గడప మీద పడిగాపులు కాశాడు. ఇక చాలు అని రాయమల్లు చెప్పిన పొద్దున లేచి, కర్రలందుకొని బావి దాకా పోయాడు. అక్కడ ఆగలేదు. వాకిలి దాటి బజారులోకి నడిచాడు.

"ఏడికి పోతాన్నవయ్యా?" రత్నమ్మ గాబరాగా కేకేసింది.

"యార్డుకు. గేటు సంగతి అడుగుత."

ఆమె కొంగు సర్దుకుని వెంట నడిచింది. అతను వద్దనలేదు.

ఆ రోజు ఆఫీసులో చూద్దామన్నారు. తర్వాత కూడా చాలాసార్లు తిప్పుకున్నారు. క్రిస్మస్‌కు ముందు గేటు దగ్గర డ్యూటీ దొరికింది. రత్నమ్మ రోజూ మధ్యాహ్నం సద్ది తీసుకుపోయేది. అతను కర్రకు ఆనుకుని, పట్టాల వైపు చూస్తూ నిలబడే తినేవాడు.

"జర కూసోని తినరాదు?" అనేది ఆమె.

"బండి వస్తాంది," అనేవాడు. ఆమె ఎంత చూసినా పట్టాల మీద ఏ బండీ కనపడేది కాదు.