డాబా మీద ఎండిన మట్టి

నేను ఒక కత్తెరను. ఇనుముతో చేసింది కాదు. నేనే ఒక ప్రొటీన్‌ను, నా పని ప్రొటీన్లను తుంచడం. చదువుకున్నవాళ్లు నన్ను ఎంజైమ్ అంటారు. ఆదోని దగ్గర ఒక పత్తిచేలో కంటికి ఆనని సూక్ష్మజీవి నన్ను తయారుచేసి, నల్లమట్టిలోకి వదిలి, తన దారిన తాను పోయింది. రాలిన ఆకునూ చచ్చిన పురుగునూ తుంచి పైరుకు తిండి చేశాను. నాలాంటి కత్తెరలే నన్నూ తుంచేవి. బంకమట్టి రేణువునొకదాన్ని కరుచుకున్నాను కాబట్టి మిగిలాను.

వనజాక్షి ఆ మట్టిని తవ్వుకొచ్చింది. వాళ్లింట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషి. మట్టిలో మేమెంత గట్టిగా పనిచేస్తున్నామో కొలవడం ఆమె పరిశోధన. తడి ఆరకూడదు, వేడి తగలకూడదు. అందుకే సెలవులకు వస్తూ మట్టి సంచిని వెంట తెచ్చి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టింది. ఆమె బజారుకు వెళ్లొచ్చేసరికి వాళ్లమ్మ వన్నూరమ్మ డాబా మీద పాతచీర పరిచి, మట్టిని వడియాల్లా ఆరబోసింది.

మే నెల ఎండ. నీరు ఇగిరేకొద్దీ నా మడతలు సడలుతున్నాయి. మడత విడిపోతే నేను కత్తెరను కాను, ఉత్త దారప్పోగును. పక్కవాళ్లు ఒక్కొక్కరే విడిపోతున్నారు. రేణువును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"మా! ఏం చేసినావు?"

"పెరుగు పక్కన మన్ను పెడితే ఎట్లమే? ముక్కిపోతాదని ఎండబెట్టినా."

"అది ఎండితే నా చదువు పోయినట్టే!"

"మన్నే కదమే, చేనికి పోయి ఇంకింత తెచ్చుకో."

తెచ్చుకునే వీల్లేదు. ఆ చేనికి అప్పటికే చెరువుమట్టి తోలి దున్నేశారు. ఆ మాట విన్నాక వన్నూరమ్మ కూర్చుని, చీరను దులిపి దులిపి, ఒక్క రేణువు కూడా పోకుండా సంచిలోకి ఎత్తింది.

"ఎండిన మట్టితో ఏం తేలుస్తావమ్మా, పారెయ్," అంది కాలేజీలో గైడ్ మేడమ్.

"ఒక్కసారి చూస్తాను మేడమ్."

వనజాక్షి సీసాలో అమ్మే మా జాతి ఎంజైమ్‌ను మట్టి తోడు లేకుండా ఉత్త నీళ్లలో కలిపి, పోలిక కోసం దాన్నీ అలాంటి ఎండలోనే పెట్టింది. తర్వాత రెండింటినీ చెరో గాజు గొట్టంలో వేసి, పాల ప్రొటీన్ పోసి గోరువెచ్చని నీళ్లలో ఉంచింది. మేం పనిచేసి ఉంటే, చివర్లో వేసే మందుకు నీలిరంగు రావాలి. మందు వేసింది. సీసా సరుకు తెల్లగానే ఉండిపోయింది. మా గొట్టమూ అంతే. వనజాక్షి గొట్టాల మీదికి వంగి చూసింది.

నెమ్మదిగా, మా గొట్టం అడుగు నుంచి నీలం పాకింది.

మేడమ్ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "మామూలుగా వచ్చే రంగులో సగమే ఉంది. సరే, మిగిలిన సగం ఎలా నిలిచిందో, అది తేల్చు."

వనజాక్షి ఇంటికి ఫోన్ చేసింది. "మా, నీ మన్ను బతికే ఉంది."

"మన్ను సచ్చేదేందిమే?" అంది వన్నూరమ్మ. "నీ చదువో?"

"అదీ ఉంది మా."

ఇప్పుడు నేను అల్మరాలో ఒక డబ్బాలో ఉన్నాను. రేణువును ఇంకా వదల్లేదు. మట్టిలో పాతచీర పోగు ఒకటి కలిసిపోయి ఉంది. మూత తీసినప్పుడల్లా అది వనజాక్షి కంటబడుతుంది. ఏరి పారెయ్యదు.