నాలుగో చొక్కా

ఇస్త్రీపెట్టె బుస్సుమంటూ కాలరు మీదికెక్కింది. హోటల్ దుప్పట్లు గుట్టగా పడివున్నా, ఇస్త్రీ అన్న పొద్దున్నే ముట్టుకున్నది ఊరికి పంపాల్సిన నాలుగు చొక్కాలనే. మామగారికి తెల్లది. బావమరుదులిద్దరికీ చారలవి. నాలుగోది, లేతనీలం, తోడల్లుడికి. చూడబోతే దాని ఇస్త్రీయే అన్నిటికంటే బాగా కుదిరింది. ఇతనికి ఒళ్లు మండింది.

సెలవులకు అత్తగారింట్లో అందరూ చేరతారు. పెద్దల్లుడు ఇతనే. కిటికీ పక్క పేముకుర్చీ ఇతనిది, మొదటి కంచం ఇతనిది. పరాయిదేశం వచ్చి ఆరేళ్లయినా, వాళ్లంతా చేరే రోజుల్లో ఇతనికి ఒక్కసారీ సెలవు దొరకలేదు. లోకమంతా సెలవుల్లో ఉంటేనే కదా హోటలు నిండేది! అన్నీ ఫోనులో చూడటమే. పోయినేడు చిన్నల్లుడు ఇతని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, అత్తగారి చేత కొసరి కొసరి వడ్డించుకుంటూ ఫోనులోకి పళ్లికిలించాడు. ఆ నవ్వు ఏడాదిగా ఇతని గొంతులో అడ్డంపడే ఉంది. పట్టుమని పది వెంట్రుకల్లేవు మీసంలో, వీడికి అంత దర్జానా అనుకుంటాడు.

గదిలో తనతో ఉండే వంటాయన ఇవాళ ఊరెళ్తున్నాడు. వెళ్లేవాడు ఉండిపోయేవాళ్లకి తలా రెండు కిలోలు మోసుకెళ్లాలి. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. మధ్యాహ్నం వంటాయన లోపలికొచ్చి, చొక్కాల పొట్లాన్ని తూకం కొక్కేనికి తగిలించాడు.

"రెండుకి చాలా తక్కువే. ఇంకేమైనా పెడతావా అన్నా?"

ఇతను పొట్లం విప్పి నీలం చొక్కా లాగేశాడు. "ఇదొద్దు. బరువు."

"తక్కువే ఉందంటుంటే?"

"నాకు బరువులే. నువ్వు పోయిరా, బండి వచ్చినట్టుంది."

వంటాయన పొట్లాన్ని మళ్లీ కట్టి తన పెట్టెలో పెట్టుకున్నాడు. మూడు చొక్కాలతో పెట్టె గేటు దాటింది. ఇతనికి కడుపు చల్లబడింది. హుషారుగా పది దుప్పట్లు లాగించాడు.

అంతలో ఫోను మోగింది. అత్తగారిల్లంతా తెరలో ఉంది. పేముకుర్చీ ఖాళీగా ఉంది. చిన్నల్లుడు నేలమీద కంచం ముందు కూర్చున్నాడు.

"అదేంటయ్యా, కింద కూర్చున్నావు?"

"కుర్చీ మీదాయె అన్నయ్యా. పోయినేడు నేను కూర్చుంటే, అది మా నాన్నదని మీ అమ్మాయి లేపేసింది. నిజమే కదా. అప్పట్నుంచీ ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు నేను." గొంతు తగ్గించాడు. "చొక్కా పంపుతున్నారట, వదిన చెప్పింది. ఎల్లుండి అందరం ఫొటో దిగేటప్పుడు నేను వేసుకునేది అదే."

"ఆ... వస్తోంది," అన్నాడు ఇతను.

ఫోను పెట్టేసి గేటు దాకా పరిగెత్తాడు. రోడ్డు మీద బండి లేదు. వంటాయనకి చేస్తే ఎత్తలేదు. తిరిగొస్తుంటే సిగ్గేసింది. దాంతోపాటే అసూయా పుట్టింది. ఆఖరికి మంచితనంలో కూడా వాడే ముందా అని కుమిలిపోయాడు.

బల్ల మీద లేతనీలం చొక్కా ఉంది, మడత చెదరకుండా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.