సాయం చేసినవారు

పొద్దున్నే పాలు పొంగిపోయాయి. ఆమె పొయ్యి తుడుస్తోంది. మొగుడు తడి గ్లాసొకటి తుడిచి బోర్లించి, "ఇవాళ కూడా నీకు సాయం చేశాను, చూశావా?" అన్నాడు.

"మావాడు బంగారం. పెళ్ళానికి సాయం చేసే మగాడు ఎంతమందికి దొరుకుతాడు?" అంది అత్తగారు, కూర్చున్న చోటునుంచి లేవకుండానే.

ఆమె మసిగుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. సాయం అన్నారంటే పని ఎవరిదో ముందే తేల్చేసినట్టే కదా.

ఆమె మందుల కంపెనీ పరిశోధన విభాగంలో శాస్త్రవేత్త. ఉక్కు ట్యాంకుల్లో బూజును పెంచి, దానిచేత మందు చేయించడం పని. "మా కోడలిది పులియబెట్టే ఉద్యోగం" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. నవ్వితే నవ్వారు. ఎనిమిది నెలలుగా ఆ బూజు మొండికేసింది. చక్కెర పోస్తే తిని బలిసేది, మందు మాత్రం ఇచ్చేది కాదు. అలాంటివాళ్ళు ఆమెకు కొత్తేం కాదు. ఒక్కసారే పోయడం మాని, చుక్కచుక్కగా వదిలి చూసింది. ఆకలి తీరీ తీరకుండా ఉంచితే గానీ దారికి రాలేదు. మందు రెండింతలైంది. కూతురికి జ్వరం వచ్చిన వారం కూడా ఆ ట్యాంకును వదల్లేదు. "పిల్లకంటే బూజెక్కువా నీకు?" అన్నాడు మొగుడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆఫీసుకు వెళ్ళేసరికి పై అధికారి నివేదిక ముందు పెట్టాడు. 'ప్రయోగం చేసినవారు' అన్నచోట ఆయన పేరు. కింద, చిన్న అక్షరాల్లో, 'సాయం చేసినవారు' అని ఆమె పేరు.

రెండుసార్లు చదివింది. ఇంట్లో చాకిరీ తనది, సాయం మొగుడిది. ఇక్కడా చాకిరీ తనదే. సాయం కూడా తనదేనట.

"సంతకం పెట్టమ్మా. మధ్యాహ్నానికి పైవాళ్ళకు పంపాలి. నువ్వు పెట్టందే కదలదు."

"చేసింది నేను సార్."

"ఎవరు కాదన్నారు? పేరుదేముందమ్మా? ఇక్కడ మనమంతా ఒక కుటుంబం."

ఆమె పెన్నుకు మూత పెట్టింది. కాగితాలు ఆయన వైపు జరిపింది.

"కుటుంబమంటే ఏమిటో నాకు బాగా తెలుసు సార్. అందుకే పేరు మార్చేదాకా సంతకం పెట్టను" అంది, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంటూ.